తలకిందుల చిలకలు

బుచ్చిరాజు పోయిన మూడో నెలలో అద్దకపు బల్ల సంగతి వచ్చింది. పెడనలో అద్దకం పనివాడు పోతే నెలరోజులు మనిషిని తలుచుకుంటారు, ఆ తర్వాత బల్ల ఎవరికని అడుగుతారు. బుచ్చిరాజు మంచివాడు గనక మూడో నెల దాకా ఆగారు.

అది పందొమ్మిది వందల యాభై ఎనిమిది. ఆయన భార్య మాణిక్యానికి అప్పటికి నలభై నిండలేదు. పిల్లలు లేరు. ఇంట్లో మిగిలిందల్లా ఒక నులక మంచం, రెండు ఇత్తడి బిందెలు, వసారాలో మోకాలెత్తు బల్ల, దాని కింద చెక్కపెట్టె. పెట్టెలో టేకు అచ్చులు ఉండేవి. పూలవీ, తీగలవీ, అంచులవీ, చిలకలవీ. పట్టుకుని పట్టుకుని వాటి పిడులు నున్నగా అరిగిపోయాయి. బుచ్చిరాజు ఇరవై ఏళ్ళకు పైగా ఆ బల్ల వెనక బాసింపట్టు వేసుకుని కూర్చుని దుప్పట్లు అద్దాడు. పక్క మీద వేసుకునే దుప్పటి తప్ప ఇంకోటి ఆయన అద్దలేదు, అద్దాలనీ అనుకోలేదు.

బల్ల అడిగింది పరాయివాళ్ళు కాదు, బుచ్చిరాజు అన్న వెంకటస్వామి. కాలువ ఒడ్డున ఆయనకు పెద్ద షెడ్డు ఉంది, ఎనిమిది బల్లలున్నాయి. చెడ్డవాడు కాదు. తమ్ముడి భార్యను అన్నానికి లేకుండా వదిలేసే మనిషి అసలే కాదు. అచ్చులు షెడ్డుకు పంపించి, మాణిక్యం కూడా షెడ్డుకే వచ్చి పని చేసుకోవచ్చని తన భార్య వెంకాయమ్మ చేత కబురు చేశాడు. పని అంటే ఆడవాళ్ళ పని. గుడ్డను కరక్కాయ నీళ్ళలో, గేదెపాలలో నానబెట్టడం, కాలువలో జాడించడం, రంగు కాగులో ఉడకబెట్టడం, వెదురు కలంతో పూలల్లో రంగు నింపడం. బల్ల వెనక కూర్చుని అచ్చు కొట్టేది మాత్రం మగవాళ్ళు. ఎందుకని అడిగితే వెంకటస్వామి దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా ఎవరూ అడగలేదు గనక ఆయనకు జవాబు అవసరం పడలేదు.

మాణిక్యం కూడా ఎందుకని అడగలేదు. తనకు బల్ల కావాలంది, అంతే. బుచ్చిరాజుకు ఆఖరి రెండేళ్ళూ కుడిచెయ్యి వణికేది. వీధి తలుపు వేసుకుని సగం దుప్పట్లు ఆమే అద్దింది. అచ్చును రంగులో ముంచి, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో దాని వీపు మీద ఒక్కటి గుద్దితే వచ్చే చప్పుడంటే ఆమెకు ప్రాణం. ఆ చప్పుడు లేకపోతే ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. మూడు నెలలుగా లేదు.

ఆ ఇంట్లో మరదలు బావగారి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు లేదు. మాణిక్యం తలుపు వెనక నిలబడి తోడికోడలితో చెప్పింది, తోడికోడలు వసారాలో ఉన్న మొగుడితో చెప్పింది. మధ్యలో ఉన్నది ఒక చెక్క తలుపు మాత్రమే గనక వెంకటస్వామికి రెండుసార్లూ వినపడింది.

"సరే వెంకాయమ్మా, చెప్పు," అన్నాడు. "ఏడాది మారేలోగా ఒక్క పని తనే ఒప్పుకుని, తనే అద్ది, మాట పడకుండా అప్పజెప్పమను. చేస్తే బల్ల ఆమెదే. మాట పడితే అచ్చులు షెడ్డుకు రావాలి, ఆ తర్వాత ఈ ఊసు ఎత్తకూడదు."

మాణిక్యం తలుపు వెనక నుంచి సరేనంది. అనడమైతే అంది గానీ, పెడనలో ఆడమనిషికి అద్దకం పని ఒప్పజెప్పే వాళ్ళెవరు? ఆశ్వయుజం వెళ్ళిపోయింది, కార్తీకం సగమైంది, ఒక్కరూ పని ఇవ్వలేదు. వచ్చినవాళ్ళు కూడా బుచ్చిరాజు పోయాడని తెలిసి అయ్యోపాపమని షెడ్డుకు వెళ్ళిపోయారు.

అప్పుడు వచ్చింది సత్యవేదం.

ఆమె గుడివాడలో పిల్లల బడి టీచరు. ఆమె భర్త ప్రకాశరావు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇద్దరూ కోడూరు వైపు పల్లెల్లో తాటాకు ఇళ్ళలో పుట్టి, చదువుకుని, ఉద్యోగాలు తెచ్చుకుని, ఆ ఏడే గుడివాడలో సొంతంగా పెంకుటిల్లు వేసుకున్నారు. ఎర్ర గచ్చు, కిటికీలకు రెక్కలు, ముందు గదికి మూడు గుమ్మాలు. ఆ మూడు గుమ్మాలే ఈ కథకు మూలం.

ఈ కాలంలో వచ్చే ఏడాది ఇంటికి ఏ రంగు వెయ్యాలో, కిటికీకి ఏ తెర కట్టాలో చెప్పేవాళ్ళకు కొదవలేదు. ఆ రోజుల్లో గుడివాడ క్రైస్తవుల పేటలో ఆ సంగతి తేల్చేది ఒకే ఒక్క రోజు, జనవరి ఒకటో తారీఖు. పొద్దున గుడిలో ఆరాధన కాగానే ఇంటింటికీ వెళ్ళి పలకరించుకోవడం వాళ్ళ ఆచారం. పేరుకు పలకరింపే. ఆడవాళ్ళ కళ్ళు మాత్రం గోడల మీదా గుమ్మాల మీదా తిరిగేవి. ఆ రోజు ఎవరింట్లో ఏది ముచ్చటగా ఉందని పేరు పడితే, ఈస్టరు నాటికి అది పేటంతా పాకిపోయేది. యాభై ఐదులో గోడలకు నడుమెత్తున ఆకుపచ్చ రంగు కొట్టి పైన గీత గీయించడం వచ్చింది. యాభై ఆరులో అద్దం చుట్టూ కాగితం పూలు. యాభై ఏడులో రేడియో మీద వేసే లేసు గుడ్డ. పేటలో రేడియోలు రెండే, లేసు గుడ్డలు మాత్రం పాతిక. రేడియో లేనివాళ్ళు ట్రంకుపెట్టె మీద కప్పుకున్నారు. ఇందులో నవ్వడానికేమీ లేదు. వానకు కారే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి కారని గోడ దొరికితే, దాన్ని ఏం చేసుకుంటే బాగుంటుందా అని ఆలోచించడమే పెద్ద సంబరం.

ఈసారి అందరూ తన ఇల్లే చూడాలని సత్యవేదం పట్టుదల. బందరులో ట్రైనింగు చదివే రోజుల్లో ఎవరిదో బంగళాలో గుమ్మాలకు తెరలు చూసింది. గాలికి అవి ఊగుతుంటే ఇల్లంతా ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించిందట. గుడివాడ కొట్లలో మిల్లు గుడ్డ దొరుకుతుంది గానీ, అది అందరికీ దొరికేదే. పెడన అద్దకం తెరలు కావాలని రైలెక్కి వచ్చింది. వెంకటస్వామి షెడ్డులో మాఘమాసం దాకా తీరిక లేదన్నారు. నిరాశగా స్టేషనుకు వెళ్తూ దారిలో మంచినీళ్ళు అడుగుదామని ఒక ఇంటి ముందు ఆగింది. వసారాలో ఖాళీ బల్ల, దాని పక్కన అచ్చులకు నూనె రాస్తూ మాణిక్యం కనిపించింది.

గుమ్మాలకు తెరలు అద్దిపెడతారా అని ఆమెనే అడిగింది. గుమ్మానికి గుడ్డ కట్టడమేమిటో మాణిక్యానికి బోధపడలేదు. తలుపు ఉండగా గుడ్డ ఎందుకు? తన భర్తా ఇదే మాట అంటున్నాడని సత్యవేదం నవ్వింది. ఆరడుగుల పొడవు, మూడున్నర వెడల్పు, చుట్టూ అంచు, మధ్యలో తీగలూ చిలకలూ. మూడు కావాలి, డిసెంబరు ఆఖరుకు అందాలి. మాణిక్యం చేతుల్తో గాలిలో కొలిచి చూసుకుంది. చిన్నసైజు దుప్పటి అన్నమాట అనుకుని ఒప్పుకుంది.

ఆ పనిలో జరిగిన పొరపాటంతా ఆ ఒక్క మాటలో ఉంది. అప్పటికి ఇద్దరికీ తెలియలేదు.

ఆ నెలరోజులూ మాణిక్యం ఎలా గడిపిందో చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. గుడ్డను పాలలో ఎంతసేపు నానబెట్టాలో అంతసేపే నానబెట్టింది. ఎండలో ఆరేసి, మడత పోయేదాకా చేత్తో సాపు చేసింది. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరేసిన నల్లరంగు కుండను ముసలమ్మలు ఆవకాయ జాడీని కాచుకున్నట్టు కాచుకుంది. ఇక బల్ల వెనక కూర్చున్నాక ఆమె ఆలోచించాల్సిన పని లేకపోయింది. బుచ్చిరాజు ఎలా వేసేవాడో చెయ్యి అలాగే వేసుకుపోయింది. ముందు అంచు, తర్వాత తీగ, తీగ మీద చిలక. సగం గుడ్డ అయ్యాక లేచి, గుడ్డను అటుది ఇటు తిప్పి పరిచి, రెండో సగం మొదలుపెట్టింది. ఆయన ప్రతి దుప్పటికీ అలాగే తిప్పేవాడు. తిప్పేటప్పుడల్లా ఒకసారి ఒళ్ళు విరుచుకునేవాడు. మాణిక్యం కూడా తెలియకుండానే ఒళ్ళు విరుచుకుంది, ఆ తర్వాత కాసేపు కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది.

రంగు కాగులో ఉడికి, కాలువలో జాడించాక తెరలు మూడూ గట్టు మీది పచ్చిక మీద పరిచింది. ఎరుపు కుంకుమలా తేలింది. నలుపు ఎక్కడా చెదరలేదు. వెంకటస్వామి తనే వచ్చాడు. చేతులు వెనక్కి పెట్టుకుని మూడు గుడ్డల చుట్టూ నాలుగు పక్కలా తిరిగాడు. వంగి చూశాడు. తీగ ఎక్కడైనా తెగిందేమోనని వేలితో రాసి చూశాడు. ఒక్క లోపం దొరకలేదు. బావుందని తలాడించి వెళ్ళిపోయాడు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం షెడ్డులో పనివాళ్ళు కూడా ఏడాదికి ఒకసారి కంటే ఎక్కువ వినలేదు. ఆ రోజు మాణిక్యం రెండు పూటలా పప్పన్నం వండుకుని తింది. బల్ల తనదే అయిందని అప్పుడే అనుకుంది.

డిసెంబరు ముప్పై ఒకటిన తెరలు మూటగట్టుకుని పాసింజరు బండెక్కి గుడివాడలో దిగింది. సత్యవేదం ఇంట్లో సున్నం వాసన ఇంకా పోలేదు. ప్రకాశరావు ముక్కాలిపీట ఎక్కి, గుమ్మం పైన ఇనుప కడ్డీకి మొదటి తెర కట్టాడు. అందరూ నాలుగడుగులు వెనక్కి జరిగి చూశారు.

కింది సగంలో చిలకలు కొమ్మల మీద హాయిగా కూర్చున్నాయి. పై సగంలో చిలకలన్నీ తలలు కిందికి వేలాడేసి, కాళ్ళు ఆకాశానికి ఎత్తాయి.

ప్రకాశరావు పొరపాటున తిరగేసి కట్టానేమో అనుకుని విప్పి, ఆ కొస పైకి పెట్టి కట్టాడు. మళ్ళీ అంతే. లెక్కల మాస్టారు గనక ఇంకోసారి తిప్పితే ప్రయోజనం లేదని ఆయనకు తెలిసింది. రెండో తెరా అంతే, మూడోదీ అంతే.

సంగతేమిటో మాణిక్యానికి అప్పుడు తెలిసింది. మంచం మీద పరిచే దుప్పటికి తలాపునా కాళ్ళాపునా ఎవరు కూర్చున్నా చిలకలు వాళ్ళకు నిటారుగా కనిపించాలి. అందుకే పెడనలో సగం అద్దాక గుడ్డను తిప్పుతారు. రెండువైపుల చిలకల తలలూ మధ్యకే ఉంటాయి. పెడనలో గుడ్డ బల్ల మీద ఉంటుంది, గట్టు మీద ఉంటుంది, మంచం మీద ఉంటుంది. గుమ్మానికి నిలువునా వేలాడే అద్దకం గుడ్డను ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అంతటి వెంకటస్వామీ చూడలేదు.

సత్యవేదం ట్రంకుపెట్టె మీద కూలబడింది. తెల్లారితే పేటంతా వస్తుంది. ఈసారి మా ఇంట్లో పెడన తెరలని నెల నుంచి అందరికీ చెప్పుకుంది. ఆమె అరవలేదు, కోప్పడలేదు. ఒక్క మాట అంది.

"పని తెలిసినవారు గదా అని నమ్మానండీ."

అది చాలు. పడకూడదనుకున్న మాట పడింది. మాణిక్యం తేరుకుని, కత్తెర ఇస్తే సగానికి కోసి, పై సగం తిప్పి కుట్టి ఇస్తానంది. కుట్టు తీగల నడుమ అడ్డంగా కనిపిస్తుందని ఆమెకు తెలుసు, అయినా అంది. అప్పటిదాకా పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న ముసలావిడ లేచి వచ్చింది. ఆవిడ ఆనందమ్మ, ప్రకాశరావు తల్లి, కోడూరు నుంచి పండక్కి వచ్చింది. తెర దగ్గరికి వచ్చి, తల పక్కకు వంచి చూసి, నవ్వింది.

"కొయ్యకమ్మాయ్," అంది. "బోసి గుమ్మాల కంటే ఇదే నయం. ఉండనీ."

వేరే దారి లేక తెరలు అలాగే ఉంచారు. గేటు దాకా సాగనంపుతూ, బల్ల సంగతి విని, సత్యవేదం తను అన్న మాటకు నొచ్చుకుంది. పేటవాళ్ళెవరూ పెడన వచ్చేవాళ్ళు కారనీ, అక్కడ ఈ సంగతి ఎవరికీ తెలియనక్కర్లేదనీ మాణిక్యం చెయ్యి పట్టుకుని చెప్పింది. తెల్లారి ఇల్లు నవ్వులపాలవుతుందన్న బెంగలో ఉన్న మనిషి అంతమాట అన్నదంటే ఆమె ఎంత మంచిదో చూడండి.

బండిలో కూర్చున్నాక మాణిక్యం మనసు రెండుగా చీలింది. తెరలు అప్పజెప్పింది. బావగారు బావుందన్నాడు. గుడివాడలో నాలుగు గోడల మధ్య అన్న మాట పెడనకు రాదు. నోరు మూసుకుంటే బల్ల తనది. గుడ్లవల్లేరు దాటేదాకా అలాగే అనుకుంది. కవుతరం దగ్గర మాత్రం బుచ్చిరాజు గుర్తొచ్చాడు. దుప్పటిలో ఎక్కడైనా రంగు మచ్చపడితే ఆయన దాన్ని మడతలో దాచేవాడు కాదు, మచ్చ పైకి కనిపించేలా మడిచి కొనేవాడి చేతిలో పెట్టేవాడు. ఆ మనిషి బల్ల కోసం అబద్ధం చెప్పి, ఆ బల్ల వెనకే రోజూ ఎలా కూర్చోవడం? పెడనలో దిగేసరికి ఆమెకు ఏడుపు ఆగడం లేదు గానీ, ఏం చెయ్యాలో మాత్రం తేలిపోయింది.

మర్నాడు పొద్దున షెడ్డుకు వెళ్ళింది. పనివాళ్ళంతా ఉన్నారు. తలుపు వెనక నిలబడలేదు, తోడికోడలిని పిలవలేదు. బావగారి ఎదుట నిలబడి మాట్లాడింది.

"మాట పడ్డానండీ బావగారూ. దుప్పటి అద్దినట్టే అద్దాను. గుమ్మానికి కడితే సగం చిలకలు తలకిందులయ్యాయి."

అప్పారావు అనే పనివాడు ఫక్కున నవ్వాడు. వెంకటస్వామి నవ్వలేదు. ఆయన మొహంలో రంగు మారింది. కోపం వచ్చిందనుకుంది మాణిక్యం. ఏదో అనబోయినట్టు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, పెట్టె పంపించమని మాత్రం చెప్పాడు. మధ్యాహ్నం అప్పారావు వచ్చి అచ్చుల పెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్ళాడు. బల్ల బరువు గనక తర్వాత తీసుకెళ్తామన్నారు.

ఆ జనవరీ ఫిబ్రవరీ మాణిక్యం షెడ్డులో గుడ్డలు జాడించింది, కాగు కింద పుల్లలు ఎగదోసింది. ఎవరూ ఆమెను చులకనగా చూడలేదు. అన్నం వేళకు వెంకాయమ్మ పిలిచి వడ్డించేది. అయినా బుచ్చిరాజు చిలక అచ్చును ఇంకెవరో పట్టుకుని గుద్దుతుంటే ఆ చప్పుడు ఆమెకు తెలిసిపోయేది. అప్పుడు కాలువలోకి ఇంకో రెండడుగులు లోపలికి వెళ్ళి, నీళ్ళ చప్పుడులో నిలబడేది.

ఇక గుడివాడలో ఏం జరిగిందో చెప్పాలి. జనవరి ఒకటిన మొదట వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ ధైర్యం చేసి, ఇవేమిటి సత్యవేదం గారూ ఇలా ఉన్నాయని అడిగేసింది. కుర్చీలో కూర్చున్న ఆనందమ్మే అందుకుంది.

"మా కోడూరులో చూరుకు వరికంకులు కడితే చిలకలు ఎలా తింటాయో మీ టౌను వాళ్ళకేం తెలుసు? తలకిందులుగా వేలాడే తింటాయి. కిందవి తినేసి కూర్చున్నాయి, పైవి ఇంకా తింటున్నాయి."

వచ్చినవాళ్ళలో పల్లెటూళ్ళలో పుట్టనివాళ్ళు ఒక్కరూ లేరు. చూరు కింద కంకుల కుచ్చు, దానికి వేలాడే చిలకలు, చప్పుడు చేస్తే ఒక్కసారిగా ఎగిరిపోవడం, కింద రాలిన ఊకను ఊడవలేదని అమ్మ తిట్టడం, అన్నీ అందరూ ఎరిగినవే. పెంకుటిళ్ళూ డాబాలూ వచ్చాక ఎవరూ చూరుకు కంకులు కట్టడం లేదు. ఆ ముందుగదిలో ఉన్నట్టుండి ఎవరి తాటాకు ఇల్లు వాళ్ళకు గుర్తొచ్చింది. పలకరించి పోదామని వచ్చినవాళ్ళు గంటసేపు కూర్చున్నారు. వెళ్తూ వెళ్తూ తెరను చేత్తో తడిమి చూశారు. సాయంత్రానికి పేటంతా వేలాడే చిలకల మాటే.

ఆ మోజు అరవై ఒకటి దాకా ఉంది. గుడివాడలో, నందివాడలో, బందరులో కూడా కొన్ని ఇళ్ళలో తలకిందుల చిలకల తెరలు ఊగాయి. తర్వాత నైలాను తెరలొచ్చాయి, ఉతికితే ఆరడానికి అరగంట చాలన్నారు, జనం అటు పోయారు. పోనివ్వండి. ఇంట్లోకి ఏటా కొత్తది రావడం మంచిదే. కానీ ఆ నైలాను తెరను చూసి ఎవరికైనా వాళ్ళ అమ్మ గుర్తొచ్చిందని నేను వినలేదు.

మార్చి మొదటివారంలో సత్యవేదం నలుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని పెడన వచ్చింది. మాణిక్యం ఇంటికి తాళం వేసి ఉంటే, దారిలో వాకబు చేసి షెడ్డుకు వచ్చారు. మాణిక్యం అప్పుడు కాగు దగ్గర ఉంది. పొగకు కళ్ళు మండుతున్నాయి, మోచేతుల దాకా ఎర్రరంగు. వాళ్ళను చూసి, తెరలు తిరిగి ఇచ్చెయ్యడానికి వచ్చారేమో అనుకుంది.

పొగలో ఆమె కనపడక వచ్చినవాళ్ళు వెంకటస్వామినే అడిగారు, వేలాడే చిలకల తెరలు కావాలని. తొమ్మిది ఇళ్ళకు కావాలి, మొత్తం పాతిక పైన. సత్యవేదం గారింట్లో ఉన్నట్టే ఉండాలి, ఒక్క చిలకా మారకూడదు.

అంత పని చూసి ఏ షెడ్డు యజమాని వదులుకుంటాడు? అచ్చులు ఆయన దగ్గరే ఉన్నాయి. చెయ్యి తిరిగిన పనివాళ్ళు ఎనిమిదిమంది ఉన్నారు. సగానికి గుడ్డ తిప్పడం పెడనలో పుట్టిన ప్రతివాడికీ తెలిసిన విద్యే. ఊ అంటే పది రోజుల్లో అయిపోతుంది, మాణిక్యం కాలువలో జాడించి ఇస్తుంది. అప్పారావు అప్పుడే లేచి అచ్చుల పెట్టె వైపు వెళ్ళాడు.

వెంకటస్వామి అతన్ని చేత్తో ఆపాడు. కండువా తీసి దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. అందరూ వినేలా, ఆ ఆడవాళ్ళతో అన్నాడు.

"అవి నేను అద్దినవి కావమ్మా. మా మరదలు మాణిక్యం అద్దింది. పని చెప్పుకోవాలంటే ఆవిడతో చెప్పుకోండి."

తర్వాత కాగు దగ్గరికి నడిచి వచ్చాడు. అన్నాళ్ళ బంధుత్వంలో ఆయన తనే ఆమె ఎదుటికి వచ్చి పలకరించడం అదే మొదలు. గొంతు తగ్గించలేదు.

"అమ్మా మాణిక్యం, ఆ రోజు గట్టు మీద నాలుగు పక్కలా తిరిగి చూసింది నేను. నలభై ఏళ్ళ పనివాణ్ణి, నాకూ తట్టలేదు. తప్పు నీ ఒక్కదానిదే అన్నట్టు అచ్చులు పట్టుకొచ్చాను. నువ్వొచ్చి ఒప్పుకున్నావు, నేను ఒప్పుకోలేకపోయాను. నీ పెట్టె నువ్వు తీసుకెళ్ళు."

షెడ్డులో అచ్చుల చప్పుడు ఆగిపోయింది. మాణిక్యం కొంగుతో మొహం కప్పుకుంది. చేతుల మీది ఎరుపు మొహానికి అంటుకుందని వెంకాయమ్మ చెప్పేదాకా ఆమెకు తెలియలేదు.

మర్నాడు వీధి తలుపు బార్లా తీసి, బల్ల కడిగి, గుడ్డ పరిచింది. దారిన పోయే ఆడవాళ్ళు ఆగి చూశారు. ఆమె తల ఎత్తలేదు. అంచు అయింది, తీగ అయింది, చిలకలు వరసగా వచ్చి కూర్చున్నాయి. సగం గుడ్డ పూర్తయింది. చిలక అచ్చు పక్కన పెట్టి లేచి నిలబడింది. కాసేపు ఆ గుడ్డ వైపే చూసింది. తిప్పకుండా అద్దితే చిలకలన్నీ నిటారుగానే ఉంటాయి. ఆ సంగతి ఇప్పుడు ఆమెకు తెలుసు. పోయినసారి బుచ్చిరాజు తిప్పేవాడు గనక తిప్పింది. ఇప్పుడు రెండు కొసలూ పట్టుకుని, తెలిసే, గుడ్డను తిప్పి పరుచుకుని కూర్చుంది.